ఫైర్ ఆఫీసు, ఎన్‌ఓసీ, ఇన్‌స్పెక్షన్: అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా ఎవరో ఒకరు పక్కకి లాగి అడిగేవి ఇవే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా. తెలంగాణ, ఆంధ్రా రెండిట్లోనూ మూలం ఒకటే, 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తన పేరు మీదకి మార్చుకుంది, అందుకని ఇక్కడున్నవి చాలావరకు రెండు వైపులా పనికొస్తాయి. ఫీజులు, ఫారాలు మాత్రం మారుతుంటాయి, వాటి సంగతి మీ జిల్లా ఆఫీసులోనే కనుక్కోండి.

ఫైరాఫీసంటే మంటలార్పేవాళ్ళు కదా, మా బిల్డింగ్‌తో వాళ్ళకేం పని?

ఆర్పడం సగం పనే అండీ. మిగతా సగం మంట లేవకముందు చేసేది. కొత్త బిల్డింగుల ప్లాన్లు చూడటం, కట్టాక వచ్చి చెక్ చేయడం, స్కూళ్ళు ఆస్పత్రులు సినిమా హాళ్ళు తిరిగి నోటీసులివ్వడం, మాక్ డ్రిల్స్ చేయించడం, దీపావళికి పటాకుల షాపుల స్థలాలు చూసి రావడం, ఇదంతా అదే ఆఫీసు. స్టేషన్‌లో స్టేషన్ ఫైర్ ఆఫీసర్ ఉంటాడు, ఆయన పైన జిల్లా ఫైర్ ఆఫీసర్. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) ఫైళ్ళు, తనిఖీలు ఎక్కువగా వీళ్ళ చేతుల మీదుగానే నడుస్తాయి, బాగా పెద్ద బిల్డింగులైతే ఫైలు ఇంకా పైకి వెళ్తుంది. ఇబ్బంది ఏంటంటే తనిఖీకి ఒక టీమ్, మంటలకి ఒక టీమ్ అని వేరుగా ఉండదు చాలాచోట్ల, మీ బిల్డింగ్ చూడ్డానికి బయల్దేరిన మనిషి సగం దారిలో కాల్ వస్తే వెనక్కి తిరిగిపోతాడు, ఆ రోజు మీ ఇన్‌స్పెక్షన్ అంతే సంగతులు. దానికి తిట్టుకోవద్దు.

మా బిల్డింగ్‌కి ఫైర్ ఎన్‌ఓసీ కావాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పండి.

మూడు ముక్కల్లో చెప్తా. జనం కాపురముండే బిల్డింగ్ 18 మీటర్లు దాటితే కావాలి. షాపులు, ఆఫీసులు లాంటి కమర్షియల్ అయితే 15 మీటర్ల దగ్గరే మొదలు. ఇక జనం గుమిగూడే చోట్లు, అంటే స్కూళ్ళు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, గుళ్ళు, చర్చిలు, మసీదులు, వీటికి ఎత్తు 6 మీటర్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా కావాల్సిందే. చాలామంది ఈ మూడోదాని దగ్గరే దొరికిపోతారు. "మాది రెండంతస్తులే కదండీ" అంటారు, ఫంక్షన్ హాలుకి రెండంతస్తులు ఎక్కువే.

ప్రొవిజనల్ ఎన్‌ఓసీ తీసుకున్నాం, అయిపోయినట్టే కదా?

అవ్వలేదు. ప్రొవిజనల్ అనేది ప్లాన్ చూసి ఇచ్చేది, ఈ కాగితం మీద ఉన్నట్టు కట్టుకో అని. కట్టడం పూర్తయ్యాక మళ్ళీ అప్లై చేస్తే వాళ్ళొచ్చి చూసి, ప్లాన్‌లో రాసినవన్నీ నిజంగా ఉంటే ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ ఇస్తారు. దానికీ ఒక గడువు ఉంటుంది, మీ కాగితం మీదే రాసి ఉంటుంది, అయిపోయేలోపు రెన్యువల్ చేయించుకోవాలి. బిల్డర్ దగ్గర ఫ్లాట్ కొనేటప్పుడు ప్రొవిజనల్ కాగితం చూపించి "ఫైర్ క్లియరెన్స్ వచ్చేసింది సార్" అంటుంటారు, ఆక్యుపెన్సీది చూపించమనండి, మొహం చూస్తే తెలిసిపోతుంది.

మాది 18 మీటర్ల లోపే, స్టిల్ట్ ప్లస్ నాలుగు. అంటే మాకేం అక్కర్లేదుగా?

ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ అక్కర్లేదు. మంటకి మాత్రం మీ ప్లాన్‌లో రాసిన ఎత్తుతో పనిలేదు కదా. మన ఊళ్ళలో జనం పోయిన బిల్డింగుల్లో ఎన్ని అంతస్తులున్నాయి అని కాదు, బయటికి రావడానికి ఎన్ని దారులున్నాయి అని చూడండి. పాతబస్తీ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న ఒకే కుటుంబం వాళ్ళు, చుట్టాలు కలిపి 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. అదేమీ టవర్ కాదు. కింద నగల షాపులు, పైన ఇల్లు, లోపలికి పోవడానికి సొరంగం లాంటి ఇరుకు దారి.

మీలాంటి చిన్న అపార్ట్‌మెంట్‌లో నేనైతే ముందు కరెంటు మీటర్ల బోర్డు ఎక్కడుందో చూస్తా. పదిలో తొమ్మిది చోట్ల మెట్ల కిందే ఉంటుంది, దాన్ని ఆనుకునే నాలుగు బైకులు, వాచ్‌మెన్ పరుపు, పాత న్యూస్ పేపర్ల కట్ట. బోర్డు అంటుకుంటే బైకుల్లో పెట్రోల్ అంటుకుంటుంది, పొగంతా చిమ్నీలో ఎక్కినట్టు మెట్లలోంచి పైకి పోతుంది, మీరు దిగాల్సింది ఆ మెట్ల మీదే. బోర్డు మార్చడం ఖర్చు కావచ్చు, బైకులు జరపడానికి ఖర్చేముంది.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు అసలేం చూస్తారు? మేం ఏం రెడీ చేసుకోవాలి?

అందరూ ముందు రోజు మంటలార్పే ఎర్ర సిలిండర్లు తుడిపించి వరసగా నిలబెడతారు. వచ్చినవాడు అవి చూడడు, అంటే చూస్తాడు గానీ చివర్లో. పని తెలిసిన ఆఫీసర్ గేటు దగ్గరే మొదలెడతాడు. ఫైరింజన్ లోపలికి వస్తుందా, ఆర్చి అడ్డమొస్తుందా, బిల్డింగ్ చుట్టూ తిరగడానికి ప్లాన్‌లో చూపించిన ఖాళీ స్థలం ఇప్పుడు ఖాళీగానే ఉందా లేక అక్కడ జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్, అసోసియేషన్ ఆఫీస్ రూమ్, తులసికోట వెలిశాయా అని. సెట్‌బ్యాక్‌లో, అంటే ఆ వదిలిన ఖాళీలో, షెడ్డు వేసుకోని బిల్డింగ్ నేను అరుదుగా చూశా.

తర్వాత సెల్లార్. పార్కింగ్ అని రాసి గోడౌన్ చేశారా అన్నది మొదటి ప్రశ్న. సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్‌లో 2023 జనవరి 19న బట్టల స్టాకున్న బిల్డింగ్ అంటుకున్నప్పుడు గంటలు గంటలు నీళ్ళు కొట్టినా లోపలికి పోలేకపోయారు, ముగ్గురు పనివాళ్ళు పోయారు. స్టాకు కుక్కిన సెల్లార్‌లో మంటని బయటినుంచి ఆర్పడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ తర్వాత లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కుతాడు. ఎందుకు ఎక్కుతున్నాడో చాలామందికి అర్థం కాదు, "సార్ లిఫ్ట్ పనిచేస్తుంది" అని మర్యాదగా చెప్తారు. ఆయన చూసేది మెట్లనే. ఎంత వెడల్పున్నాయి, తలుపులు బయటికి తెరుచుకుంటాయా, రెండో మెట్ల దారి ఉందా, ఉంటే దానికి తాళం వేశారా, ప్రతి ఫ్లోర్‌లో ల్యాండింగ్ మీద ఏం పెట్టారు. పైకి పోయాక టెర్రస్ తలుపు తోసి చూస్తాడు. తాళం ఉంటుంది. తాళంచెవి సెక్రటరీ గారి దగ్గరుంటుంది. సెక్రటరీ గారు ఊళ్ళో ఉండరు.

మీరు రెడీ చేసుకోవాల్సింది ఏంటంటే అదే మరి, మెట్లు. మిగతావి లేకపోతే నోటీసులో రాసి టైమ్ ఇస్తారు, కొనుక్కోవచ్చు.

పంపు రూమ్‌లో ఏం చూస్తారు? మావాళ్ళు అన్నీ పనిచేస్తున్నాయనే అంటున్నారు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే లక్షలు పోసి పెట్టించి పనికిరాకుండా చేసుకునేది ఇక్కడే. పెద్ద అపార్ట్‌మెంట్లలో మూడు పంపులుంటాయి. చిన్నది జాకీ పంపు, పైపుల్లో ప్రెషర్ తగ్గకుండా చూసుకోవడం దాని పని, కాస్త లీకైతే అదే ఆన్ అయి నింపేసి ఆగిపోతుంది. నిజంగా ఎవరైనా హోస్ (మంటలార్పే నీళ్ళ పైపు) తిప్పితే ప్రెషర్ ఒక్కసారి పడిపోతుంది, అప్పుడు మెయిన్ పంపు దానంతటదే లేవాలి. కరెంటు పోయి అది కూడా లేవకపోతే డీజిల్ పంపు లేవాలి. ఇదంతా మనిషి చెయ్యి పెట్టకుండా జరగాలి, లెక్క అది.

మరి వాస్తవంలో ఏమవుతుందంటే, ఎక్కడో చిన్న లీకేజీ ఉంటుంది, జాకీ పంపు పది నిమిషాలకోసారి గుర్రుమంటుంది, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు నిద్ర పట్టట్లేదని కంప్లైంట్ చేస్తారు, ప్లంబర్ వచ్చి లీకు వెతికే బదులు ప్యానెల్ మీద స్విచ్ ఆటో నుంచి మాన్యువల్‌కి తిప్పి పోతాడు. ఇక అంతే, ఆ స్విచ్ మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. డీజిల్ ఇంజన్ బ్యాటరీ రెండేళ్ళకి డెడ్ అవుతుంది, అదీ ఎవరూ చూడరు. పై ఫ్లోర్లలో హోస్ బాక్సుల్లో ఇత్తడి నాజిల్ ఉండాల్సిన చోట ఖాళీ, అది ఎప్పుడో పాత ఇనుప సామాన్లవాడి బండెక్కింది.

అందుకే ఆఫీసర్ పంపు రూమ్‌లో "ఆన్ చేసి చూపించండి" అనడు. పై ఫ్లోర్‌లో ఒక హోస్ రీల్ తిప్పి నీళ్ళు వదిలేసి, కింద పంపు లేచిందా లేదా అని ఫోన్లో అడుగుతాడు. ఈ టెస్ట్ మీరే నెలకోసారి చేసుకోవచ్చు, ఆదివారం పొద్దున పావుగంట పని. ప్యానెల్ స్విచ్ ఆటోలో ఉందా, వాల్వులు తెరిచి ఉన్నాయా, ప్రెషర్ గేజ్ సున్నాకి పడిపోలేదు కదా, ఈ మూడు చూడటం వాచ్‌మెన్‌కి నేర్పండి, వారానికోసారి రిజిస్టర్‌లో రాయమనండి. ఇంకోటి, పెయింటింగ్ చేయించినప్పుడు స్మోక్ డిటెక్టర్లకి ప్లాస్టిక్ కవర్లు కడతారు, పెయింటర్లు వెళ్ళిపోతారు, కవర్లు అలాగే ఉండిపోతాయి. సీలింగ్ వైపు ఒకసారి తలెత్తి చూడండి.

మెట్ల ల్యాండింగ్ మీద చెప్పుల స్టాండ్, ఒక సైకిల్ పెట్టుకున్నాం. దానికి కూడా నోటీసా?

అవును. మీకు చిన్నదే. చీకట్లో, పొగలో, చంకలో పిల్లతో దిగేవాళ్ళకి సైకిల్ హ్యాండిల్ చాలు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు, అంతా ఉద్యోగాలకని వచ్చిన కుర్రవాళ్ళు, ఆడపిల్లలు, ఉమ్మడి వరంగల్ ఖమ్మం వైపు వాళ్ళు. కాలి కాదు, పొగకి ఊపిరాడక. ఐదో ఫ్లోర్‌లో చిక్కుకుపోయారు. అగ్నిప్రమాదాల్లో ఎక్కువమందిని చంపేది పొగే, మంట వాళ్ళ దాకా వచ్చేసరికే అయిపోయి ఉంటుంది.

దొంగల భయంతో ఫ్లోర్ మధ్యలో ఇనుప గ్రిల్ పెట్టి తాళం వేసుకోవడం ఇంకో జబ్బు. గ్రిల్ తీయం అంటే కనీసం లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియ పెట్టండి. కిటికీలకి వేసే గ్రిల్స్‌లో కూడా ఒకదానికైనా తెరుచుకునే తలుపు ఉంచమని వెల్డర్‌తో చెప్తే చేసిస్తాడు.

ఏ ఎక్స్‌టింగ్విషర్ కొనాలి? షాపులో పది రకాలు చూపించాడు.

ఇంటికి, చిన్న ఆఫీసుకి ఏబీసీ పౌడర్‌ది, 4 కిలోలో 6 కిలోలో, చాలు. కాగితం, కట్టె, పెట్రోల్, గ్యాస్, కరెంటు అన్నిటికీ పనిచేస్తుంది. కంప్యూటర్లు, సర్వర్లు, ప్యానెల్ బోర్డులున్న చోట సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌ది) పెట్టుకోండి, పౌడర్ కొడితే మంట ఆరుతుంది గానీ మెషిన్లన్నీ పాడవుతాయి. ఐఎస్‌ఐ మార్కు, ఐఎస్ 15683 అని నంబర్ ఉందో లేదో చూసి కొనండి.

పౌడర్ దానికి గేజ్ ఉంటుంది, ముల్లు పచ్చరంగులో ఉండాలి. సీఓటూకి గేజ్ ఉండదు, తూకం వేసి చూడాల్సిందే, ఈ సంగతి తెలియక "గేజ్ విరిగిపోయింది సార్" అని నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు. ఇక రీఫిల్లింగ్ పేరుతో స్టిక్కర్ మాత్రం మార్చి బిల్లు ఇచ్చిపోయే బ్యాచ్ ప్రతి ఊళ్ళోనూ ఉంది, మీ ఎదురుగా విప్పమనండి.

వాడటం: పిన్ లాగండి, పైపు మంట మొదలు వైపు పెట్టండి, పైన ఎగిసే మంట వైపు కాదు, హ్యాండిల్ నొక్కండి, అటూ ఇటూ ఊపండి. 6 కిలోలది పావు నిమిషం కాస్త అటూఇటూ వస్తుంది, అంతే. అందుకే తలుపు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి, ఆరకపోతే వదిలేసి బయటికి వచ్చేయండి.

ఇంట్లో బాణలిలో నూనె అంటుకుంటే?

నీళ్ళు పోయొద్దు. స్టవ్ కట్టేసి పళ్ళెమో మూతో పక్కనుంచి జరిపి మూసేయండి, చల్లారేదాకా తీయొద్దు. బాణలి పట్టుకుని సింక్ వైపు పరిగెత్తొద్దు. కాళ్ళమీద పడేది అప్పుడే.

గ్యాస్ వాసన వస్తే ముందు లైటేసి చూడాలా?

వద్దు బాబూ. ఏ స్విచ్చీ వేయొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు కూడా, రెండిట్లోనూ నిప్పురవ్వ వస్తుంది. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది, అందుకే తలుపులు తీయాలి, పైన వెంటిలేటర్ ఒక్కటే తీస్తే సరిపోదు. రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చి, 1906కి కాల్ చేయండి, అది గ్యాస్ లీకేజీల నంబర్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. సిలిండర్ తీసుకునేటప్పుడు పైన రింగు లోపలివైపు ఏ బీ సీ డీల్లో ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. అది సిలిండర్‌ని మళ్ళీ టెస్ట్ చేయించాల్సిన గడువు, ఏ అంటే మార్చి లోపు, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబర్, డీ అంటే డిసెంబర్. ఆ గడువు దాటిన సిలిండర్ ఇస్తే మార్చమనండి, అది మీ హక్కు.

చిన్న హోటల్ నడుపుతున్నా, కర్రీ పాయింట్ లాంటిది. ఏం చూసుకోవాలి?

మొట్టమొదట ఇంట్లో వాడే ఎర్ర గ్యాస్ సిలిండర్లు తీసేయండి. ఇంటి సిలిండర్ హోటల్లో వాడటం నేరం, మీది 19 కిలోల కమర్షియల్ అయి ఉండాలి. లైసెన్స్ లేకుండా ఒకచోట 100 కిలోల వరకే పెట్టుకోవచ్చు, అంటే 19 కిలోలవి ఐదు పెడితే 95 కిలోలు, ఆరోది తెచ్చారంటే దాటారు. ఖాళీ సిలిండర్లు కూడా మూలన పడుకోబెట్టకుండా నిలబెట్టండి, స్టవ్‌కి దూరంగా, వీలైతే బయట గాలి ఆడే చోట.

ఇంకోటి ఎవరూ చెప్పరు: చిమ్నీ గొట్టం. లోపల జిడ్డు పేరుకుని నల్లగా తారులా ఉంటుంది, స్టవ్ మంట కాస్త పైకి లేస్తే ఆ జిడ్డు అంటుకుని మీ గొట్టం పై అంతస్తు దాకా మంటని మోసుకెళ్తుంది. నెలనెలా గీకించండి.

ఎలక్ట్రిక్ స్కూటర్ సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టనివ్వట్లేదు అసోసియేషన్ వాళ్ళు, న్యాయమేనా?

వాళ్ళ భయం ఊరికే పుట్టలేదు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుంటే పైన లాడ్జిలో ఉన్న 8 మంది పోయారు. అయితే బండ్లు వద్దు అనడం కంటే చోటు చూపించడం మేలు. మెట్లకి, లిఫ్ట్‌కి దూరంగా, గాలి ఆడేచోట, విడిగా వైరు లాగి దానికి ఎంసీబీ, ఆర్‌సీసీబీ (లోడు ఎక్కువైనా, కరెంటు లీకైనా వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు) పెట్టించి, కంపెనీ ఇచ్చిన ఛార్జర్ మాత్రమే వాడాలి అని రూల్ పెట్టుకోండి. మూడో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీసి ఛార్జ్ చేసేవాళ్ళకి మాత్రం నేను కూడా నో అనే చెప్తా. బ్యాటరీ ఇంటికి తీసుకెళ్ళి ఛార్జ్ చేసేవాళ్ళు రాత్రి పడుకునే గదిలో, గుమ్మం పక్కన పెట్టొద్దు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీ కాస్త చల్లారాక పెట్టండి. ఉబ్బినా, పడిపోయి దెబ్బతిన్నా ఇక దాన్ని నమ్మొద్దు.

పిల్లని హాస్టల్లో / ఇంటర్ కాలేజీలో చేరుస్తున్నాం. ఎన్‌ఓసీ ఉందా అని అడిగితే నవ్వారు.

నవ్వుతారు. కింద షాపులు, పైన కాలేజీ ఉండే బిల్డింగులకి ఫైర్ ఎన్‌ఓసీ రాక, అఫిలియేషన్ ఆగిపోయి, చివరికి ప్రభుత్వం ఈ ఒక్క ఏడాదికి మినహాయింపు అని జీవో ఇవ్వడం తెలంగాణలో కొన్నేళ్ళుగా చూస్తున్నదే. కాగితంతో మినహాయింపు ఇవ్వొచ్చు, మెట్లు మాత్రం కాగితంతో పుట్టవు. 2019 మే 24న సూరత్‌లో కోచింగ్ సెంటర్ అంటుకుని 22 మంది పోయారు, పిల్లలు కిటికీల్లోంచి దూకడం దేశమంతా టీవీలో చూసింది.

మీరు వెళ్ళినప్పుడు ఫీజు గురించి మాట్లాడే ముందు పిల్ల ఉండబోయే గది నుంచి గేటు దాకా నడవండి. రెండో దారి చూపించమనండి. పెంట్‌హౌస్‌లో రేకుల షెడ్డేసి బెడ్లు వేశారా, మెట్ల గేటుకి రాత్రి తాళం వేస్తారా, వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర, ఆ మనిషి ఎక్కడ పడుకుంటాడు, ఇవి అడగండి. విసుక్కుంటే వేరే హాస్టల్ చూసుకోండి.

లాడ్జిని ఆస్పత్రిగా / ఇంటిని హాస్టల్‌గా మార్చితే పాత ఎన్‌ఓసీ చెల్లదా?

చెల్లదు. దేనికి ఇచ్చారో దానికే. నడవలేని రోగులున్న చోటికీ, లేచి పరిగెత్తగలిగే జనం ఉన్న చోటికీ ఒకే లెక్క పనికిరాదు కదా. విజయవాడలో 2020 ఆగస్టు 9న కోవిడ్ కేర్ సెంటర్‌గా వాడుతున్న హోటల్‌లో తెల్లవారుజామున మంటలొచ్చి 10 మంది పోయారు, గుర్తుండే ఉంటుంది.

దీపావళికి పటాకుల షాపు పెట్టుకోవాలి, ఫైర్ వాళ్ళని కలిస్తే చాలా?

లైసెన్స్ ఇచ్చేది వాళ్ళు కాదు, సిటీలో అయితే పోలీస్ కమిషనర్ ఆఫీసు, జిల్లాల్లో రెవెన్యూ వైపు. ఫైర్ వాళ్ళు స్థలం చూసి ఎన్‌ఓసీ ఇస్తారు. షెడ్డు అంటుకోని సామానుతో, అంటే రేకులతో కట్టాలి, గుడ్డ షామియానాలు కుదరవు. షాపుకీ షాపుకీ 3 మీటర్లు, ఇళ్ళకీ జనముండే చోట్లకీ 50 మీటర్లు, ఎదురెదురుగా పెట్టకూడదు, ఒకచోట 50 షాపులు మించకూడదు. ఇది కేంద్రం 2008లో పెట్టిన ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్‌లో ఉన్నదే, ఎవడో ఆఫీసర్ సొంతంగా పెట్టింది కాదు. చివరి రెండు రోజుల్లో వస్తే ఎవరూ ఏం చేయలేరు, దసరా అవ్వగానే కదలండి.

వినాయక మండపాలకి కూడా ఇంచుమించు ఇదే ఆలోచన. అఖండ దీపం గుడ్డకి దూరంగా, కరెంటు స్తంభం మీద కొక్కెం వేయకుండా డిస్కం (కరెంటు కంపెనీ) వాళ్ళ దగ్గర కనెక్షన్, రెండు బకెట్ల ఇసుక, రాత్రిపూట ఒక మనిషి మేలుకుని. లోపలికీ బయటికీ వేర్వేరు దారులు పెట్టండి.

మాది పల్లెటూరు. ఎండాకాలం వస్తే గడ్డివాములు, పాకలు అంటుకుంటాయి, ఫైరింజన్ వచ్చేసరికి బూడిదే.

నిజమే, స్టేషన్ దూరం, రోడ్లు ఇరుకు. మీ చేతిలో ఉన్నవి చెప్తా. వామి కరెంటు తీగల కింద వేయొద్దు, ఇంటికి ఆనించి వేయొద్దు. పొయ్యిలో బూడిద మధ్యాహ్నం గాలికి పెంటకుప్ప మీద పోయొద్దు, నీళ్ళు చల్లి పోయండి. తీగలు కిందకి జారితే లైన్‌మెన్ వెంట పడండి. మంట లేస్తే ముందు మనుషులు, తర్వాత పశువుల పలుపులు కోసేయండి, విప్పుతూ కూర్చోవద్దు, ఆ తర్వాత గ్యాస్ సిలిండర్ బయటికి.

గడ్డివాము పైన ఆరినట్టు కనిపించినా లోపల నిప్పు కణకణలాడుతూనే ఉంటుంది, ఫైరింజన్ వాళ్ళు అందుకే జేసీబీ తెమ్మంటారు, లాగి చిమ్మి తడపాలి, లేకపోతే సాయంత్రానికి మళ్ళీ లేస్తుంది. ఇంజన్‌లో ఉన్న నీళ్ళు నిమిషాల్లో అయిపోతాయి, ఊళ్ళో బోరు మోటార్ ఎక్కడుందో, చెరువు దగ్గరికి బండి పోయే దారి ఏదో చూపించడానికి ఒకరు ముందే నిలబడితే సగం టైమ్ కలిసొస్తుంది.

101కి కాల్ చేస్తే ఏం చెప్పాలి?

ఎక్కడ, ఏం అంటుకుంది, లోపల మనుషులున్నారా. అంతే. 112కి చేసినా అందుతుంది. డోర్ నంబర్ కన్నా గుర్తులు ముఖ్యం, ఫలానా గుడి వెనక, ఫలానా పెట్రోల్ బంక్ ఎదురు సందు అని. ఫోన్ మీరే ముందు పెట్టేయొద్దు. ఒకరు మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యి ఊపండి, ఇంకొకరు సందులో అడ్డంగా పెట్టిన కార్లు తీయించండి. వీడియో తీయడానికి పది మంది ఉంటారు, కారు తోయడానికి ఒక్కడూ దొరకడు. కాల్‌కి రావడానికి పైసా తీసుకోరు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

ఎన్‌ఓసీకి ఏజెంట్ లక్షలు అడుగుతున్నాడు, "లోపల కూడా ఇవ్వాలి" అంటున్నాడు.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే, ఫీజు కూడా ఆన్‌లైన్‌లోనే కట్టాలి, దానికి రసీదు వస్తుంది. డ్రాయింగులు వేయడానికి కన్సల్టెంట్‌కి డబ్బివ్వడం వేరు, అది వాడి కష్టం. రసీదు రాని డబ్బు అడిగితే తెలంగాణలో ఏసీబీ టోల్ ఫ్రీ 1064 ఉంది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ శుద్ధపూసలని నేను చెప్పను, కానీ ఏజెంట్లు లోపలివాళ్ళ పేరు చెప్పి జేబులో వేసుకునేది కూడా తక్కువేం కాదు. అసలు ఫైలు ఆగిపోయేది ఎక్కువగా రెండో మెట్ల దారి లేకపోవడం వల్ల, డబ్బిచ్చినా అది రాదు కదా.

పక్క బిల్డింగ్ కింద ఫ్లోర్‌లో కెమికల్ డ్రమ్ములు పెడుతున్నారు. చెప్తే గొడవవుతుందేమో.

చెప్పండి. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబర్ 13న అచ్చం ఇదే, అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో డ్రమ్ములు, పైన కాపురాలు, కనీసం 9 మంది పోయారు. అంతకుముందు ఏడాది మార్చి 23న బోయిగూడలో కింద స్క్రాప్ గోడౌన్, పైన నిద్రపోతున్న బీహార్ కూలీలు, 11 మంది. రెండు చోట్లా చుట్టుపక్కల అందరికీ తెలుసు లోపలేముందో.

జిల్లా ఫైర్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మున్సిపాలిటీకి, ఒకటి పోలీస్ స్టేషన్‌కి. గోడౌన్ ట్రేడ్ లైసెన్స్ మున్సిపాలిటీ చేతిలో ఉంటుంది కాబట్టి ఫైర్ వాళ్ళకి ఒక్కళ్ళకే ఇస్తే ఫైలు అటూ ఇటూ తిరుగుతుంది. రోడ్డు మీద నుంచి కనిపించేంతవరకు ఫోటో జత చేయండి. పేరు పెట్టడం ఇష్టం లేకపోతే అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఇవ్వండి. అకనాలెడ్జ్‌మెంట్ తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగొద్దు.

షాపు కాలిపోయింది, ఇన్సూరెన్స్ వాళ్ళు ఫైర్ రిపోర్ట్ అడుగుతున్నారు.

మంట ఆర్పడానికి వచ్చిన స్టేషన్‌లోనే అప్లై చేయాలి. కాల్ వచ్చిన టైమ్, వాళ్ళు చేరిన టైమ్, ఏం కాలింది, కారణం ఏమై ఉండొచ్చు అన్నవి అందులో ఉంటాయి. "షార్ట్ సర్క్యూట్ అని రాయండి సార్" అని బతిమాలొద్దు, చూసింది రాస్తారు. నష్టం ఎంతో స్టేషన్ వాళ్ళు వేసేది అంచనా మాత్రమే, డబ్బు తేల్చేది ఇన్సూరెన్స్ సర్వేయర్. ఆయన వచ్చేదాకా కాలిన సరుకు ఎత్తిపారేయొద్దు, కంపు కొట్టినా సరే అలాగే ఉంచి ఫోటోలు తీసుకోండి. స్టాకు రిజిస్టర్, జీఎస్టీ బిల్లులు షాపులోనే పెట్టి కాల్చుకున్నవాళ్ళు చాలామంది, మీ ఆడిటర్ దగ్గర కాపీలుంటాయి, ముందు ఆయనకి ఫోన్ చేయండి. అసలు కాల్ చేయకుండా మీరే ఆర్పేసుకుని వారం తర్వాత రిపోర్ట్ కావాలంటే మాత్రం కష్టం, చూడనిదానికి వాళ్ళేం రాస్తారు.

స్కూల్లో పిల్లలకి డ్రిల్ చేయించమంటే వస్తారా?

వస్తారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వారోత్సవాలు, 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలినప్పుడు చనిపోయిన ఫైర్‌మెన్ జ్ఞాపకంగా చేస్తారు. అయితే ఆ వారంలో అందరూ పిలుస్తారు, పైగా అప్పటికి మన స్కూళ్ళలో పరీక్షల హడావుడి, అందుకని జూలై ఆగస్టుల్లో హెడ్‌మాస్టర్ లెటర్ పెట్టి ఒక డేట్ తీసుకోండి. కాల్ వస్తే మధ్యలో వెళ్ళిపోతారని పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.